నిరుటి కాలెండర్

ఈ ఉదయం ల్యాబ్‌లో ఉన్నవారు: నేను, ఇద్దరు టెక్నీషియన్లు. ఉన్నవి: మనిషెత్తు టెస్ట్ ఛాంబర్ ఒకటి, అందులో కారు ఇంజన్ కింద బిగించే రబ్బరు మౌంట్లు పన్నెండు, ఒక కాఫీ మెషీన్, గోడకి ఒక కాలెండర్. ఛాంబర్ తలుపు తీయగానే కాగిన రబ్బరు వాసన గదంతా పరుచుకుంది. బయట, మిషిగన్‌లోని మా నోవైలో మంచు పడుతోంది. ఈ రెండూ కలిసిన రోజున నాకు మెక్సికోలో నేనెన్నడూ చూడని ఒక దీవి గుర్తొస్తుంది. దానికి కారణం ఎర్నెస్టో గారు.

2006లో నేను ఈ ల్యాబ్‌లో చేరేటప్పటికి ఆయన సూపర్‌వైజర్. యాభై దాటిన మనిషి, పొట్టి, నెమ్మదిగా మాట్లాడేవారు. ఆయన పుట్టిన దీవి ఈ చివరి నుంచి ఆ చివరికి ఏడు కిలోమీటర్లట. అక్కడున్న చెల్లెలు ఏటా ఊరి కాలెండర్ ఒకటి పోస్టులో పంపేది. అందులో నాలుగు తేదీల చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నాలు ఉండేవి: ఫిబ్రవరిలో కార్నివాల్, మేలో శిలువ పండగ, ఆగస్టులో మేరీమాతను పడవలో ఊరేగించే రోజు, నవంబరులో చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు. చివరి మూడూ ల్యాబ్‌లోనే గడిచిపోయేవి. కార్నివాల్‌కి మాత్రం ఆయన వారం సెలవు పెట్టి వెళ్లేవారు.

ఎందుకు వెళ్లేవారో నాకు ఆయనే చెప్పారు. కార్నివాల్ చివరి మంగళవారం సాయంత్రం గుడ్డపేలికలు కుక్కిన బొమ్మ ఒకదాన్ని సముద్రపు ఒడ్డున తగలబెడతారు. ఆ ఏడాది ఊళ్లో జరిగిన తప్పులన్నీ దాని నెత్తినే. కాల్చే ముందు ఆ బొమ్మ వీలునామా చదువుతారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పడవ నడిపేవాడికి ఒక కోడిపుంజు, గోడ అవతలి మాటలు వినే ఆవిడకి ఒక నిచ్చెన, ఇలా ఉంటాయి పంపకాలు. నిప్పు పెట్టినవాడే మరుసటి ఏటి వీలునామా రాయాలి, వచ్చి చదవాలి, మళ్లీ నిప్పు పెట్టాలి. మేనమామ నుంచి వచ్చిన ఆ పని పందొమ్మిదేళ్లుగా ఎర్నెస్టో గారిదే. ఏడాది పొడుగునా జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, చెల్లెలు ఫోన్‌లో చెప్పిన కబుర్లు అందులో రాసుకునేవారు.

ఆయన పనితనం కూడా అక్కడిదే. విరిగిన ఒక మౌంట్ మీద నేను రాసిన మొదటి రిపోర్ట్ మూడు పేజీలు. టేబుళ్లు ఐదు, గ్రాఫులు నాలుగు. ఆయన పూర్తిగా చదివి నా ముందు పెట్టారు.

"ఇది చనిపోయిందని రాశావు, ఇంజినీర్. ఎవరికి ఏం వదిలిపెట్టి పోయిందో రాయలేదు."

పగుళ్లు డిజైన్ వాళ్లకి, బుడగలు రబ్బరు పోసినవాళ్లకి, తప్పు రీడింగ్ మనకి. విరిగిన ప్రతి పార్టుకీ అలా పంచి రాయమన్నారు. మనకేమీ రాని రిపోర్ట్‌ని నమ్మవద్దన్నారు.

2007 నవంబరులో ఒక కస్టమర్ కోసం ఎనిమిది వందల గంటల టెస్ట్ ప్లాన్ నేనే తయారుచేశాను. గోడ మీది ఆ ఏటి కాలెండర్ చూసి నాలుగు సున్నాల తేదీలనూ షీట్‌లో ఎక్కించాను. మే, ఆగస్టు, నవంబరు తేదీలు ఏటా మారవు. కార్నివాల్ మంగళవారం ఎదురుగా ఫిబ్రవరి ఇరవై అని టైప్ చేశాను. టెస్ట్ ఫిబ్రవరి తొమ్మిదిన ముగుస్తుంది, అంటే పదకొండు రోజుల వెసులుబాటు. ఆయన సంతకం పెట్టారు.

జనవరి రెండో వారంలో దీవి నుంచి కొత్త కాలెండర్ వచ్చింది. అప్పటికే ఛాంబర్ నడుస్తోంది. ఆయన దాన్ని మేకుకి తగిలించి ఫిబ్రవరి పేజీ తిప్పారు. ఎర్ర సున్నా ఫిబ్రవరి ఐదు చుట్టూ ఉంది. ఛాంబర్ ఆపితే ఎనిమిది వందల గంటల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రీడింగుల మీద కస్టమర్ ఒప్పుకునే సంతకం ల్యాబ్ మొత్తంలో ఆయనదొక్కటే. ఇంకొకరి పేరు చేర్చమని నేను కస్టమర్‌కి రెండుసార్లు మెయిల్ చేశాను. రెండుసార్లూ కుదరదన్నారు.

డిజైన్‌లో పనిచేసే కరీంనగర్ సత్తన్నకి లంచ్‌లో ఈ సంగతి చెప్పాను. ఆయన తినడం ఆపి నన్ను చూశాడు.

"నీ ఉగాది ఏటేటా ఒక్క తారీఖుకే వస్తదారా? చంద్రుడు మనకొక్కలకే ఉన్నడనుకున్నవా?"

ఈస్టర్ పున్నమిని బట్టి జరుగుతుంది, దానితో పాటు కార్నివాల్ కూడా. పంచాంగం చూసి పండగలు చేసే ఇంట్లో పెరిగినవాణ్ని. సాయంత్రం ఎర్నెస్టో గారి దగ్గరికి వెళ్లి, ప్లాన్ చూసినప్పుడు తేదీ ఎందుకు గమనించలేదని అడిగాను. అడగకూడని ప్రశ్నే.

"నీ షీట్‌లో కార్నివాల్‌కి ఒక వరుస ఉంది. అది చూసి, ఇక తేదీ చూడలేదు," అన్నారు.

ఫిబ్రవరి ఐదు సాయంత్రం ల్యాబ్‌లో ఆయన, నేను, సత్తన్న, టేబుల్ మీద స్పీకర్‌ఫోన్. అవతల ఆయన చెల్లెలు తన ఫోన్‌ని మైకు దగ్గర పట్టుకుంది. ఆయన చిన్న పుస్తకం తెరిచి, లేచి నిలబడి స్పానిష్‌లో చదివారు. ప్రతి పేరు తర్వాతా ఒక క్షణం ఆగేవారు. ఆ ఖాళీలో మూడు వేల కిలోమీటర్ల అవతలి నవ్వు మా గదిలోకి వచ్చేది. చివరి పేరుకి నవ్వు అన్నిటికంటే పెద్దగా వచ్చింది. ఏమన్నారని సత్తన్న అడిగాడు.

"మిషిగన్‌లో ఒక ఇంజినీర్ ఉన్నాడు. వాడికి నా కాలెండర్ వదిలి వెళ్తున్నాను. పాపం, నిరుటిదే వాడుతున్నాడు."

సత్తన్న నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఫోన్‌లో డోళ్లు, చిటపటమని మంట. ఫోన్‌లో చదవవచ్చు గానీ నిప్పు పెట్టలేం. అది ఆయన పినతండ్రి కొడుకు పెట్టాడు, మరుసటి ఏటి వీలునామా అతనిదైంది. ఎర్నెస్టో గారు పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, ఆ గంట రీడింగ్ మీద సంతకం చేశారు. మరుసటి ఏడాది నుంచి కూడా దీవికి వెళ్లేవారు, గుంపులో నిలబడి వినడానికి. రిటైరయ్యే దాకా నన్ను ఒక్క మాట అనలేదు.

ఈ ఉదయం తీసిన పన్నెండు మౌంట్లలో రెండు చిట్లాయి. ఎవరికి ఏం వదిలాయో రాశాను. మా వంతుకి ఒక తప్పు రీడింగ్ వచ్చింది. వచ్చే ఏటి ప్లాన్ షీట్‌లో మొదటి వరుస కార్నివాల్ మంగళవారం. ఇప్పుడు ఆ తేదీని నేను టైప్ చేయను. ఫార్ములా ఉంది: ఈస్టర్ ఆదివారం నుంచి వెనక్కి నలభై ఏడు రోజులు.