నొప్పి లేదన్నవాళ్ళు

మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ముందు చూసేది డాక్టరును కాదు, చీటీల అక్కను. గుమ్మం పక్కన చిన్న కిటికీ, దాని వెనక ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ. పేరు, వయసు, వచ్చిన బాధ చీటీ మీద రాసి లోపలికి పంపడం ఆవిడ పని. మామూలుగా అయితే అర నిమిషం పని.

"నొప్పండీ" అని ఎవరైనా అంటే ఆవిడ దృష్టిలో అది జవాబే కాదు. "నొప్పంటే? సలుపా, పోటా, మంటా? లాగుతోందా, పీకుతోందా?" అని అడిగి, ఆపైన నోరు మూసుకుని కూర్చుంటుంది. వచ్చినవాడు కాసేపు కిటికీ చువ్వలు లెక్కపెట్టి, ఒళ్ళంతా వెతుక్కుని, చివరికి ఒక మాట పట్టుకొస్తాడు. దాన్ని అలాగే రాస్తుంది. నడుము కలుక్కుమంది, బిందె ఎత్తుతుంటే. పన్ను జివ్వుమంటోంది, చన్నీళ్ళకు. కడుపులో మెలిపెడుతోంది, తిన్న గంటకు.

"గోరుచుట్టు సలుపుతుంది డాక్టరుగారూ, పీకదు. రోజంతా నిలబడ్డ కాళ్ళు పీకుతాయి, సలపవు. ఒకటికి బదులు ఇంకోటి రాస్తే ఒకరి చెప్పులు ఇంకొకరికి తొడిగినట్టే" అనేది నాతో.

ఆవిడ చదివింది ఏడో తరగతి. మొదట ఇక్కడే ఆయాగా చేరింది. అప్పట్లో కిటికీ దగ్గర ఒక గుమాస్తా ఉండేవాడట. ఎవరేం చెప్పినా 'నొప్పి' అని రాసి పడేసేవాడు. ఈవిడ నేల తుడుస్తూనే "ఆయన నొప్పి అనలేదండీ, సలుపన్నాడు" అని అందించేది. ఒకటికి పదిసార్లు విన్న అప్పటి పెద్ద డాక్టరు, గుమాస్తాను స్టోరుకు పంపి ఈవిడను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళాయన గడియారాలు బాగుచేస్తాడు. తలనొప్పి వచ్చిందంటే ఎక్కడ, ఎలా, ఎప్పట్నుంచి అని ప్రాణం తీస్తుందని, "నిద్రొస్తోంది" అని ముసుగు తన్నేస్తాడట. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పింది.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ చీటీలు చూస్తే ఒళ్ళు మండేది. ఏ రకం మంట అని ఆవిడ నన్ను అడగలేదు, అదృష్టం. ఒక్కో మనిషికి ఐదేసి నిమిషాలు. వరస గేటు దాకా పాకేది. మధ్యాహ్నం భోజనం సాయంత్రానికి తినేవాణ్ణి. చివరికి నా తెలివంతా పోగేసి ఒక ఫారం తయారుచేశాను. పేరు, వయసు, చిరునామా, ఫోను నంబరు రాశాక అందులో ఒకటే ప్రశ్న. నొప్పి ఎంత? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి. ఐదు దాటినవాళ్ళు ముందు మా దగ్గరికి, తక్కువవాళ్ళు ఆ తర్వాత. సున్నా అన్నవాళ్ళు కాంపౌండరు దగ్గర మాత్రలు తీసుకుని ఇంటికి వెళ్ళొచ్చు. పెద్ద డాక్టరుగారికి తెగ నచ్చేసింది. నెల రోజులు చూద్దాం, బాగుంటే కిటికీలో ఒక మిషను పెట్టేద్దాం, అక్కను మళ్ళీ వార్డు పనికి పంపుదాం అన్నారు.

యాభై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు సరిగ్గా వంగవు. మళ్ళీ చీపురు పట్టాలి. ఆ మాట నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ కలానికి మూత పెట్టింది.

"రాయొద్దంటే రాయను. అడగొద్దంటే అడగను. నెల రోజులేగా" అంది.

అన్నట్టే చేసింది. మాట మీద నిలబడే మనుషులతో వచ్చే చిక్కే అది.

జనం మాత్రం నా అంకెలను తమకు తోచినట్టు వాడుకున్నారు. ఒక ముసలమ్మ "నీ చేతికి ఎంతొస్తే అంత వెయ్యి తల్లీ" అంది. రిటైరైన లెక్కల మాస్టారు నాలుగున్నర దగ్గర భీష్మించుకున్నారు. ఒకాయన "పక్కాయనకు ఎంత వేశారు? నాకు ఒకటి ఎక్కువే వెయ్యండి" అన్నాడు. అయితేనేం, వరస సగానికి తగ్గింది. నేను వేళకు భోంచేస్తున్నాను. లోలోపల మురిసిపోతున్నాను కూడా.

పంతొమ్మిదో రోజు బస్తాలు మోసే మనిషి ఒకడు వచ్చాడు. నలభై దాటి ఉండవు. అక్క ఫారం చూసి అడిగింది. "నొప్పి ఎంత?"

"నొప్పేం లేదండి."

సున్నా వేసింది. అతను కాంపౌండరు గది ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరికి ఫారాలు రాశాక అక్క తలెత్తి చూస్తే, అతను అరచెయ్యి మొత్తం గుండె మీద ఆనించి కూర్చున్నాడు. చెమట తుడుచుకోవడం లేదు. ఆవిడ లేచింది. వరసలోవాళ్ళు గోల పెడుతున్నా పట్టించుకోకుండా వెళ్ళి అతన్ని ఏదో అడిగింది. ఆపైన చెయ్యి పట్టుకుని నా గదిలోకి తీసుకొచ్చింది.

"ఎంత?" అన్నాను తల ఎత్తకుండా.

"సున్నా."

"సున్నా అయితే ఇక్కడికెందుకు తెచ్చారక్కా?"

"నొప్పి లేదన్నాడు, నిజమే చెప్పాడు. బరువుగా ఉందట డాక్టరుగారూ, గుండె మీద బస్తా పెట్టినట్టు. మీ ఫారం దాన్ని అడగలేదు."

ఈసీజీ తీస్తే గుండెపోటు. సూది మందు ఇచ్చి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపించాం. బతికాడు. గుండెపోటు అని మనం పేరైతే పెట్టుకున్నాం కానీ, అది వచ్చినవాళ్ళలో ఎందరో పోటు అనరు, నొప్పీ అనరు. బరువు అంటారు, పట్టేసింది అంటారు, దవడ లాగుతోంది అంటారు, ఏదోలా ఉంది అంటారు. ఇది నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న విషయమే. సిగ్గేసింది.

సాయంత్రం పెద్ద డాక్టరుగారితో మాట్లాడి, కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, ఫారం తీసేస్తున్నాం. రేపట్నుంచి మళ్ళీ మీ చీటీలే. ఆ కుర్చీ మీదే."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆవిడ మొహంలో ఆ సంతోషం ఏమీ లేదు.

"ఈ పంతొమ్మిది రోజుల్లో సున్నా అన్నవాళ్ళ ఫారాలన్నీ నాకివ్వండి" అంది.

"ఎందుకు?"

"వాళ్ళను నేను ఏమీ అడగలేదు. ఒంట్లో ఏమీ లేకుండా ఆసుపత్రికి ఎవరొస్తారు డాక్టరుగారూ?"

బస్తాల మనిషిది కాక నలభై ఒక్క ఫారాలు తేలాయి. మర్నాడు ఓపీ అయ్యాక ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. నేను నంబరు కలిపేవాణ్ణి, ఆవిడ మాట్లాడేది. "ఆ రోజు నొప్పి లేదన్నారు. మరి ఏముందని వచ్చారు?" ఇదే ప్రశ్న, అవతల ఎంతసేపు ఆలోచించినా ఆగేది. చాలామందికి తగ్గిపోయింది. ఒకామె ఫోను చేసి మరీ అడిగినందుకు మురిసిపోయింది. ఒకతను అరికాళ్ళు మొద్దుబారిపోయాయి, చెప్పు జారినా తెలియడం లేదన్నాడు. వెంటనే రమ్మన్నాం. చూస్తే షుగరు ఆకాశాన్ని అంటుతోంది. రెండో రోజుకు నలభై మంది దొరికారు. ఒక్క నంబరు మాత్రం ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ. చిరునామా రెండు వీధుల అవతలే. అక్క చెప్పులు వేసుకుంది. నేనూ వెంట నడిచాను.

అది ఇస్త్రీ కొట్టు, వెనకే ఇల్లు. ఆవిడ కూతురు చొక్కా మడత పెడుతోంది. మమ్మల్ని చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, బట్టల మూట పక్కకు జరిపి, బల్ల చూపించింది.

"అమ్మ పోయి ఎనిమిది రోజులైందండి. నిద్రలోనే పోయింది."

పెద్ద వయసు. నిద్రలో పోవడానికి వంద కారణాలుంటాయి. నా ఫారం వల్లేనని ఎవరూ అనలేరు. కాదని నేనూ అనలేను. ఇస్త్రీ బల్ల మీది కాలిన మచ్చను చూస్తూ కూర్చున్నాను. అక్కే మెల్లగా అడిగింది.

"ఆ రోజు మా దగ్గరికి ఏమైందని వచ్చిందమ్మా?"

"ఏమో, మెట్లెక్కితే దవడ లాగుతోందే అనేది. నొప్పా అంటే కాదనేది." కూతురు మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "కానీ మీ దగ్గర్నుంచి ఎంత సంతోషంగా వచ్చిందండీ ఆ రోజు! 'నాకు సున్నా వేశారే, ఒంట్లో ఏమీ లేదట' అని ఈ వీధిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పుకుంది."