నాణేలు నానే గిన్నె

జాన్సన్‌విల్‌లో మా వంటింటి కిటికీ దగ్గర రెండేళ్ళపాటు ఒక గాజు గిన్నె ఉండేది. అందులో డిస్టిల్డ్ వాటర్, అడుగున మట్టి పెళ్ళల్లాంటి కంచు నాణేలు. రోమన్ సామ్రాజ్యపు చివరి కాలానివి, ఒక్కోటి గోరంత. శుభ్రం చేయనివైతే చవగ్గా వస్తాయని ఆన్‌లైన్‌లో తెప్పించాను; ఆ మట్టి నెలల తరబడి నానితేగానీ వదలదు.

"డబ్బులిచ్చి మట్టి కొనుక్కునే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది మా ఆవిడ.

మామూలు రోజుల్లో నేనేం అడిగినా ఇంగ్లీషులో ఒక్క ముక్క విసిరి గదిలోకి పోయే మా అమ్మాయి, ఆదివారం పొద్దున మాత్రం తనే వచ్చి ఆ నీళ్ళు మార్చేది. కొండ మీంచి మబ్బు దిగి కిటికీని కప్పేసేది. మెత్తటి బ్రష్షుతో నాణేల్ని నిమురుతూ ఇద్దరం కలలో ఉన్నట్టు కూర్చునేవాళ్ళం. ఒకదాని మీద ముత్యాల పట్టీ కట్టిన తల, పైకి చూస్తున్న కన్ను నెమ్మదిగా తేలుతున్నాయి. పెదవులింకా రాలేదు. తను చదువుకి ఆల్బనీ వెళ్ళేలోగా ఆ మొహం ఇద్దరం కలిసి చూడాలని నా ఆశ. అసలు ఆశ, అందాకా ఆ ఆదివారాలు సాగాలని.

అమ్మాయి ప్రయాణానికి వారం ముందు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. శుక్రవారం దీపపు కుందులు తోముతూ, పనిలో పనిగా నాణేల్నీ చింతపండు, ఉప్పు వేసి తోమేశారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పళ్ళెంలో తళతళలాడుతున్నాయి. ఆ నాణేల బొమ్మలు పైనున్న పచ్చటి పొరలోనే ఉంటాయి. పొరతోపాటు అవీ పోయాయి.

"ఎంత చిలుం పట్టిందో అల్లుడుగారూ! పాపం, మీకు తీరికేదీ?"

ఇంకొకరైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాణ్ణి. అత్తగారిని ఏమంటాం? "థాంక్సండీ" అన్నాను. అమ్మాయి ఆ మొహం తేలుతూ వచ్చిన నాణేన్ని వేలితో తడిమి, గదిలోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఆల్బనీ వెళ్ళాక మొదటి ఆదివారం తనే ఫోన్ చేసింది.

"నాన్నా, వాటర్ చేంజ్ చేశావా?"

గిన్నె బోర్లించి ఉంది. ఆ సంగతి తనకీ తెలుసు.

"ఆఁ, చేస్తున్నాను."

"ఓకే. స్లోగా చెయ్." ఫోన్ పెట్టెయ్యలేదు.

ఫోన్ చెవికి ఆనించుకునే గిన్నెలో నీళ్ళు పోసి, ఆ బోడి నాణేల్ని ఒక్కొక్కటీ అందులో వేశాను.

"తోమినవాటిని మళ్ళీ నానబెడతారేంటి అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు.

"ఆదివారం కదండీ" అన్నాను.