నోటి కొలత, టేపు కొలత

2023 ఉగాది ముందు సంగతి. చిత్తూరు బజారు వీధిలో నా కుట్టు అంగడికి అప్పటికి ముప్పై ఏళ్లు. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. కొలతలు పుస్తకంలో రాయను. ఎవరి నడుమెంతో, ఏ ఏడు ఎంత పెరిగిందో అంతా తలలోనే ఉంటుంది.

మా పనిలో ఒక మర్యాద ఉంది. నడుము పెరిగినవాడికి పెరిగిందని చెప్పం. నోటితో పాత అంకె చెప్పి, గుడ్డను కొత్త అంకెకు కత్తిరిస్తాం. వెనక కుట్టులో మార్జిన్ కూడా వదులుతాం. అంటే, రేపు లూజు చేయడానికి లోపల దాచే అదనపు గుడ్డ. కుట్టించుకున్నవాడు సంతోషంగా పోతాడు, మళ్లీ వస్తాడు.

బెల్లం మండీ మునిరత్నం నాకు పాత గిరాకీ. పొద్దుటినుంచి గద్దె మీద కూర్చుని, వచ్చిన ప్రతి దిమ్మెనూ చిదిపి నోట్లో వేసుకుని రుచి చెప్పేవాడు. మధ్యలో బీడీ. వాళ్ల నాయన యాభై ఏళ్లకే అదే గద్దె మీద గుండె ఆగి పోయాడు. మునిరత్నానికి అప్పుడు నలభై తొమ్మిది.

ఆ రోజు భార్య వనజమ్మతో వచ్చాడు.

"కొలిసి సెప్పు సాయిబూ. పొట్ట పెరిగిందంట, బీపీ, సుగరు సూపించుకోవల్లంట. ఈమెది దినామూ ఇదే పోరు."

టేపు వేశాను. నలభై అంగుళాలు. నోరు మాత్రం అలవాటుగా, "ముప్పై ఆరన్నా. అదే కొలత" అంది.

"వింటివా? సాయిబు టేపు అబద్ధం సెప్తాదా?" అని భార్యవైపు తిరిగి నవ్వాడు.

ఆ మధ్యాహ్నం చూపించుకోవాలని ఆమె ముందే రాయించిన ఆసుపత్రి చీటీ చేతిలోనే ఉంది. మడిచి సంచిలో వేసుకుంది.

పది రోజులకు ట్రయల్‌కు వచ్చాడు. పూర్తి కుట్టు వేయకముందు తొడిగి చూడటమన్నమాట. తెర వెనక నుంచి వచ్చినవాడి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"ఏం కుట్నావు సాయిబూ, బిగుతుగా ఉండాది. ఊపిరాడలా. దవడ గూడా లాగతా ఉండాది."

నేనేమో బ్లేడు తీసుకుని వెనక కుట్టు విప్పసాగాను! "ఒక్క నిమిషమన్నా, లూజు సేస్తా." అంగుళం విప్పాను. "ఇంకా" అన్నాడు. మార్జినంతా విప్పాను. హుక్కు తీశాను. ప్యాంటు జారిపోయేంత వదులైంది. "బిగుతుగానే ఉండాదప్పా" అంటూ రొమ్ము పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

బిగుసుకున్నది ప్యాంటు కాదు. యా అల్లా అంటూ 108కి ఫోన్ చేశాను.

చిత్తూరులో ఈసీజీ తీశారు. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా చూపే పరీక్ష అది. చూసిన వెంటనే తిరుపతికి పంపారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేస్తే బతికాడు. బీపీ, షుగరు ఎన్నాళ్లనుంచో ఉన్నాయని అప్పుడే బయటపడింది.

రెండు వారాలకు వనజమ్మ ఒక్కతే అంగడికి వచ్చింది.

"అన్నా, డాక్టరు బొడ్డు మీద టేపేసి నూటరెండు అన్నాడు. మగోళ్లకు తొంభై దాటితే గుండెకు మంచిది కాదంట. నీ ముప్పై ఆరు ఎంతవుతాది?"

టేపు తిప్పాను. వెనకవైపు సెంటీమీటర్లుంటాయి. ముప్పై ఏళ్లలో ఆ వైపు చూసిందే లేదు. నలభై దగ్గర నూటరెండు. ముప్పై ఆరు దగ్గర తొంభై ఒకటి. నేను చెప్పిన అబద్ధం కూడా హద్దు దాటే ఉంది!

ఆమెకు నిజం చెప్పాను. ఆరేళ్లనాడు ముప్పై ఆరు, మరుసటేడు ముప్పై ఏడు, కరోనా ఏడు ముప్పై ఎనిమిదిన్నర...

"అన్నీ గుర్తుండాయే నీకు. ఆ దినం ఒక్కటన్నా నోట్లోకి రాలేదా అన్నా?"



మరుసటి ఉగాదికి మునిరత్నం వచ్చాడు. బీడీ మానేశాడు. బెల్లం రుచి చూసే పని తమ్ముడికి ఇచ్చాడు. పొద్దున్నే నడుస్తున్నాడు, మాత్రలు తప్పడం లేదు. బొడ్డు మీద టేపు వేసి వీధంతా వినబడేలా "ముప్పై ఏడు!" అన్నాను.

"పరువు తీస్తివి కదప్పా!" అని టేపు లాక్కున్నాడు. "ఏదీ, నీదెంత?"

తెల్లబోయాను. టైలరుకు కొలత ఎవరు తీస్తారు? నా ప్యాంట్లు నేను కంటి అంచనాతోనే కుట్టుకుంటాను. అతను నా నడుము చుట్టూ టేపు వేసి, అంకె చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"ముప్పై ఆరు సాయిబూ. అదే కొలత."

ఆ మాట ఎంత హాయిగా ఉంటుందో వినేవాడి చెవితో మొదటిసారి విన్నాను. అందుకే అది అంత ప్రమాదం. తల దించి చూస్తే, అతని బొటనవేలి కింద నలభై ఒకటి.

అంగడి షట్టరు దించి, అతని వెంటే ఆసుపత్రికి నడిచాను.