నేను నమలని కరక్కాయ

నిన్న కిరాణా దుకాణంలో కరక్కాయ పొడి డబ్బా మూత తీయగానే ఆ వగరు వాసనకు నా నాలుక ముడుచుకుపోయింది. మంథనిలోని మా సాలెవాడ, గుంటమగ్గాల మీద కూర్చుని కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొని మధ్యాహ్నం దాకా నములుతూ నేసే మనుషులు కళ్ళ ముందుకొచ్చారు.

గోదావరి అవతలి అడవి నుంచి వచ్చే ఆ కాయలను ఎండబెట్టి, పగలగొట్టి, పొద్దున్నే అరుగు మీద కూర్చుని వాడకంతా పంచేది రాజవ్వ. ఆమెది ఒకటే షరతు.

"నోట్లెనే సగం అరగాలె బిడ్డా. ఉమ్మి కలిసి రసం దిగితెనే మందు. మింగితే గులకరాయి మింగినట్టే."

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో, నాకు ఏడేళ్ళప్పుడు, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పెసర సద్ది, నెయ్యి కారే మలీద ముద్దలు ఎవరింట పెడితే వారింట తిని తిరిగాను. తెల్లారేసరికి కడుపు కుండలా ఉబ్బింది. రాజవ్వ కరక్కాయ ముక్క ఇచ్చింది. వగరు పడక, దాన్ని మిగిలిన మలీద ముద్దలో దాచి గుటుక్కున మింగేశాను. మర్నాడు నన్ను కడుగుతూ కన్న అవ్వ చూసింది: ముక్క ఎట్లా పోయిందో అట్లాగే బయటికొచ్చింది.

"రాజవ్వా, నీ మందు పోయింది పోయినట్టే వచ్చిందే!" అని అవ్వ వాకిట్లో నిలబడి అరిచింది. మగ్గాలు ఆగాయి. "జర కడిగి మల్ల ఇయ్యరాదు!" అని ఎవరో అంటే వాడంతా గొల్లుమంది.

రాజవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "నమిలినవా బిడ్డా?"

"నమిలిన, పెద్దవ్వా."

నా మొహంలోకి కాసేపు చూసి, "అయితె నాదే తప్పు" అంది.

ఆ తర్వాత కడుపు నొస్తే వాడంతా కంపౌండర్ గోలీకే పోయింది. అరుగు మీద రాజవ్వ ఒక్కతే కూర్చునేది. నేను వెనక సందులోంచి బడికి పోయేవాణ్ణి. ఆమె చనిపోయేదాకా నేను నిజం చెప్పలేదు.

ఈ మధ్య మంథని పోయినప్పుడు, ఆనాడు అందరికంటే గట్టిగా నవ్విన మల్లయ్య మామకు నిజం చెప్పాను. ఆయన బోసినోటితో పకపకా నవ్వాడు.

"గది రాజవ్వకు అప్పుడే ఎరుకరా! నమిలినది గట్ల ముక్కకు ముక్క ఎట్లొస్తది? 'పోరడు అబద్ధమాడిండు, బయటపెడితే వాని అవ్వ తోలు తీస్తది' అన్నది. ఎవలకు చెప్పద్దని నాతోటి ఒట్టు పెట్టిచ్చుకున్నది."

ఇప్పుడు ఆ వాడలో మగ్గం చప్పుడు లేదు, కరక్కాయ బుగ్గన పెట్టుకునే మనిషి లేడు. ఉన్న నలుగురికైనా తెలియాలని రాస్తున్నాను: రాజవ్వ మందులో లోపం లేదు. నేనే నమల్లేదు.