‘చెక్డ్ బై’ గడిలో మేడం పేరు

మేడం పోయిన కబురు నాకు ధర్మవరం నుంచి రాలేదు. హిందూపురంలోని డిజైన్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. చేతులు జోడించిన బొమ్మ, దాని కింద ఆమె ఫోటో, ‘మా ఆఫీసుకు తల్లి లాంటి మనిషి’ అని ఒక మాట. ఇనుము చెక్కే మా లాంటి లేత్ షెడ్లకు పనులు పంపడానికి పెట్టుకున్న గ్రూపు అది. ఆ మాట రాసిన ఓనరే కిందటేడు ఆమెను ఇక రావద్దన్నాడు. నేను లేత్ ఆపాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. చదివేవాళ్ళు మన్నించాలి.

పెనుకొండలో నాది చిన్న షెడ్డు. దాన్ని పెట్టకముందు హిందూపురంలో మేడం దగ్గర మిషను భాగాల డ్రాయింగు నేర్చుకున్నాను. ఆమెది ధర్మవరంలో మగ్గం నేసే ఇల్లు. పొద్దున రైల్లో హిందూపురం వచ్చి, సాయంత్రం రైల్లో వెనక్కి పోయేవారు. బల్ల మీద పెన్సిలుతో గీసే రోజుల్లో పని నేర్చినవారు. కంప్యూటర్ వచ్చాక దాన్నీ నేర్చుకున్నారు. ‘మా కాలంలో’ అనే మాట ఆమె నోట నేను వినలేదు.

కంప్యూటర్లో ముందు వస్తువును నిండుగా, చేత్తో పట్టుకోవచ్చు అన్నట్టుగా తయారుచేస్తాం. దాన్ని మోడల్ అంటాం. ఆ మోడల్ నుంచి ముందు వైపు, పై వైపు, పక్క వైపు కాగితం మీదికి దించి కొలతలు వేస్తే అది డ్రాయింగు. మాకు మోడల్ మీదే మోజు. మౌసు పట్టుకుని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. మేడం వెనక వచ్చి నిలబడేవారు.

“తిప్పింది చాల్లే అబ్బా, తల తిరుగుతాది దానికి. నిలబెట్టు. దీని ముఖం యాది?”

“యా పక్క పెట్టినా ఒకటే కదా మేడం?”

“అట్లయితే నీ పెండ్లి ఫోటో వెనక నుంచి తీపిచ్చుకో, పో.”

క్లాసంతా నవ్వేది. నవ్వు అయిపోయాక ఆమె మామూలు గొంతుతో చెప్పేవారు. “మోడల్ నీకు కనపడతాది. లేత్ దగ్గర నిలబడినోడికి కనపడదు. వానికి ఈ కాగితమే దిక్కు. వాడు నిన్ను పిలిచి అడగల్లంటే నువ్వు యాడుంటావో ఏమో.”

ఒకే కొలతను రెండు చోట్ల వేస్తే ఒప్పుకునేవారు కాదు. “ఒక మాటకు ఇద్దరు సాక్షులెందుకు? రేపు ఒకటి మారుస్తావు, ఇంకోటి మర్చిపోతావు. ఇద్దరూ చెరొక మాట చెప్తారు” అనేవారు. ఇప్పటికీ నా షెడ్డుకు వచ్చే కాగితాల్లో ఇద్దరు సాక్షులు కనపడుతూనే ఉంటారు.

సెక్షన్ అంటే ఏమిటో మాకు ఎంతకూ ఎక్కలేదు. ఒక మధ్యాహ్నం ఆమె క్యారియర్ తీసి, చల్లారి గట్టిపడిన సంగటి ముద్దను మూత మీద పెట్టారు. చేతులు కడుక్కుని రమ్మని ఒకడిని పంపి, వాడు వచ్చాక ముద్ద అడుగున వేలితో బొక్క పెట్టించారు. మళ్ళీ మూత మీద కూర్చోబెట్టి మమ్మల్నందరినీ చుట్టూ తిరిగి చూడమన్నారు. ఎటు చూసినా ఉత్త ముద్దే. అప్పుడు బ్యాగులోంచి పట్టుదారం తీశారు. మగ్గం మీద మిగిలిన ముక్క. రెండు చేతుల్తో బిగించి పట్టుకుని ముద్దను నిలువునా కోశారు. సగం పక్కకు తీస్తే లోపలి బొక్క, దాని లోతు తేటగా కనపడ్డాయి.

“లోపలుండేది చూపియ్యల్లంటే కొయ్యాల్సిందే. కంప్యూటరు యాడ కొయ్యమంటే ఆడ కోస్తాది. యాడ కొయ్యల్లో మాత్రం నువ్వే చెప్పల్ల.”

తర్వాత ఆ రెండు ముక్కలూ ఊరిబిండి పచ్చడితో మాకే పెట్టేశారు. ఆమె ఏం తిన్నారో మేము అడగలేదు.

చదువు చెప్పడం మానుకున్నాక ఆ డిజైన్ ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే పనికి చేరారు. తెరమీద చూసి సరే అనే మనిషి కాదు. ప్రింటు తీయించి, ఒక్కో కొలతనూ మోడల్‌తో పోల్చి, సరిగ్గా ఉన్నదాని పక్కన పచ్చ పెన్సిలుతో చుక్క పెట్టేవారు. అన్నిటికీ చుక్క పడ్డాకే కాగితం మూలనున్న ‘చెక్డ్ బై’ గడిలో ఆమె పేరు పడేది. అనుమానం వస్తే సాయంత్రం పెనుకొండలో రైలు దిగి, నా షెడ్డుకు వచ్చి, పని జరిగేది చూసి తర్వాతి బండికి పోయేవారు. ఆమె పేరున్న కాగితం వస్తే మేమెవరమూ ఫోన్ చేసి అడిగేవాళ్ళం కాదు. నేరుగా ఇనుము బిగించేవాళ్ళం. మా చేతివేళ్ళు ఆ పేరును నమ్ముకుని పని చేశాయి.

ఓనరు కంటికి అది పని ఆలస్యం చెయ్యడమే. “బటన్ నొక్కితే మూడు పక్కలూ అవే వచ్చి పడతాయి. దుడ్లు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనింది దేనికి?” అన్నాడట. “వస్తాయి. చాల్తాయో చాలవో అది చెప్పదు కదప్పా” అన్నారట ఈమె. ఆ నెలతో పని పోయింది.

పోతే పోయింది. ఆమెను నలిపింది అది కాదు. ప్రతి కొత్త డ్రాయింగూ ఒక టెంప్లేట్ మీద మొదలవుతుంది. అంచులు, గడులు, పేర్లు అన్నీ అందులో ముందే ఉంటాయి. ఆమె వెళ్ళిపోయాక ‘చెక్డ్ బై’ గడిలోని పేరును ఎవరూ తీయలేదు. ఆమె కంట పడని కాగితాలు ఆమె పేరుతో ఊళ్ళు తిరగసాగాయి. ఆ సంగతి తెలిసి ఆమె ఆఫీసుకు ఫోన్ చేశారు. తీస్తామన్నారు. తీయలేదు. మోకాళ్ళ నొప్పితో రైలెక్కి వెళ్ళి అడిగారు. కాఫీ ఇచ్చి, తీస్తామన్నారు. ఆ రోజు తిరిగి పోతూ పెనుకొండలో దిగి నన్ను స్టేషనుకు రమ్మన్నారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని నాతో అన్నారు.

“నా పేరు నాకు చెప్పకుండా ఊర్లమ్మట తిరుగుతాంది. రేపు యాడన్నా మిషను పగిలి ఒకరి చెయ్యి పోతే ఆ గడే కదా చూస్తారు? నేను చూడలేదని యాడ చెప్పుకునేది?”

“నేను పోయి మాట్లాడతా మేడం.”

“వద్దులే నాయనా. నీకు పనులిచ్చేది వాళ్ళే.”

నేను మాట్లాడేలోపే ఆమె గుండె ఆగిపోయింది. ధర్మవరంలో ఆ వీధంతా మగ్గాలు ఆపారు. ఓనరు కారులో వచ్చాడు. అన్నిటికంటే పెద్ద దండ అతనిదే. నేను పక్కకు జరిగి దారిచ్చాను. చావింట్లో అంతకన్నా ఏం చేస్తాం?

ఆ మరుసటి వారమే గ్రూపులో ఒక డ్రాయింగు వచ్చింది. బేరింగు కూర్చునే ఇనుప గూడు, హౌసింగ్. మూడు వైపులూ అందంగా ఉన్నాయి. లోపలి బొక్క ఎంత లోతో యాడా లేదు. సెక్షన్ కొయ్యలేదు. అంచనాతో పోయి కాస్త ఎక్కువ తవ్వితే అవతలికి చిల్లు పడి ఆయిలు కారిపోతుంది. తేదీ చూస్తే ఆమెను మట్టిలో పెట్టిన తర్వాతిది. మూల గడిలో ఆమె పేరు.

హిందూపురం బస్సెక్కాను. ఓనరు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

“ఏమప్పా, దీనికింత రచ్చనా? టెంప్లేట్‌లో ఉండాది, అదే వస్తాది.”

“అదే తియ్యమని అడిగేది.”

“ఆ పేరుంటే కస్టమర్లకు ఒక నమ్మకం. ఆమెకూ గౌరవమే కదా?”

“గౌరవం కావల్లంటే బతికుండంగా ఆమె చెప్పింది వినింటే సరిపోతాండె. ఆమె చూసింటే ఈ బొక్క లోతు రాయకుండా వదుల్తాండెనా? పేరు తీసేదాకా నీ పని నేను ముట్టను.”

“నువ్వు కాకుంటే నీ పక్కోడు చేస్తాడు పోప్పా” అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు అన్నాడు.

అన్నట్టే ఆ పని మా పక్క షెడ్డుకు పోయింది. అతనూ మేడం దగ్గర చదివినవాడే, నాకంటే చిన్నవాడు. రెండు రోజులు నేను అతనితో మాట్లాడలేదు. మూడో రోజు ఉండబట్టలేక నాలుగు మాటలు అడిగేద్దామని పోయాను.

అతను ఫోన్లో ఉన్నాడు. “లోతు ఎంతో చెప్పందే డ్రిల్లు దించను సార్. మీ ఇష్టం, సాయంత్రమైనా సరే, నేను ఈడనే కూర్చోనుంటా” అంటున్నాడు. ఫోన్ పెట్టేసి నన్ను చూశాడు. నేను ఏమీ అడగకముందే లేత్ పైన క్లిప్పుకు తగిలించిన కాగితాన్ని నా వైపు తిప్పాడు.

“మేడం చూడనిదానికి మేడం పేరెందుకు, అన్నా?”

మూలనున్న ‘చెక్డ్ బై’ గడి మీద గ్రీజు బొటనవేలు ఒత్తి ఉంది. పేరు కనపడలేదు. నల్లటి ముద్రలో అతని వేలి గీతలు మాత్రం ఏటవాలుగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. సెక్షన్‌లో కోసిన ముఖం మీద గీయడానికి మేడం మాకు నేర్పిన గీతల మాదిరి.