తివాచీకి అవతలి వైపు

నేను ఏలూరు కాపురానికి వచ్చిన కొత్తలో, అంటే ముప్పైల నాటి మాట, ఊరి నాటకాల హాలు వాళ్ళు ఇంటింటికీ కరపత్రం పంచారు. శనివారం పాటకచేరీ, ఆదివారం నాట్యం. అడుగున ఎప్పటిలాగే "స్త్రీలకు ప్రత్యేకముగా పరదా ఏర్పాటు కలదు" అని ఉంది.

ఆ వాక్యం చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆ ఏర్పాటు మా మామగారిదే. ఆయన హాలు కమిటీలో పెద్ద. ఆడవాళ్ళకు మర్యాద తక్కువ కాకూడదని, మా ఊళ్ళోనే నేసిన ఖరీదైన తివాచీని మా ముందు వేలాడదీయించారు. కిందటిసారి నాట్యమంతా దాని వెనక కూర్చుని గజ్జెల చప్పుడు విని వచ్చాం. పువ్వులు మగవాళ్ళ వైపు, ముడులు మా వైపు.

కరపత్రం అత్తగారికి చదివి వినిపించాను. ఆ పూట మామగారికి వడ్డిస్తూ ఆవిడ నెమ్మదిగా అన్నారు.

"ఏవండీ, శనివారం వస్తామండీ. ఆదివారం రాలేమండీ."

"అదేం? నాట్యం బావుంటుందంటున్నారే."

"బావుంటుందండీ. మీరు చూసొచ్చి చెబుదురుగాని. ఆ తివాచీ వెనకాల కూర్చున్నా, ఇంట్లో కూర్చున్నా మాకు ఒకటే కదండీ."

మామగారు ముద్ద కలుపుతూ ఆగిపోయారు. తివాచీలోంచి ఏమీ కనబడదన్న సంగతి ఆయనకు అంతవరకూ తట్టనే లేదు. అది తెలిశాక నా కోపం సగం చల్లారింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

ఆదివారం కూడా రమ్మని మామగారే పట్టుబడితే వెళ్ళాం. వెళ్ళేసరికి మా ముందు పలుచని తెర కట్టి ఉంది. తివాచీని మేం కూర్చునేచోట నేలమీద పరిచారు. అత్తగారు కూర్చోబోతూ వంగి, దాన్ని అరచేత్తో తడిమారు.

"ఇన్ని పువ్వులున్నాయటమ్మా దీనికి!" అన్నారు.