లేహ్యం డబ్బా మీది చీటీ

అనకాపల్లిలో ఆయుర్వేద డాక్టరు దగ్గర లేహ్యం తీసుకుని కశింకోట షేర్ ఆటో ఎక్కాను. రిపోర్టు చూసి, లోపం నాలోనే ఉందని ఆయన చెప్పినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆటోలో కూర్చుని, డబ్బా మీద ‘పురుషుల సంతానలేమికి’ అని ఉన్న చీటీని గోటితో గీకుతున్నాను.

ఎదుటి సీట్లో పెద్దాయన కాసేపు నా వేళ్ళకేసి చూశాడు.

“నానూ అలాగే గీకేసేను బాబూ. గేస్ మందని ఇంట్లో సెప్పేను. పొద్దున్నే మా ఆడదే పాలు కాసి, మందు కలిపి ఇచ్చీది.”

“పిల్లలు పుట్టారా?”

“నేదు. గొడ్రాలని ఊరంతా దాన్నే అన్నారు. నాను పక్కనుండే ఇన్నాను.”

“తర్వాతైనా చెప్పారా?”

“సెబుదారనుకున్నాను. ఈలోగా అది పోయింది.”

ఆయన దారిలో దిగిపోయాడు. సగం చీటీ ఇంకా డబ్బాకే ఉంది. అది కూడా గీకేశాను.

ఇంటికెళ్ళాక, ఏం మందని నా భార్య అడిగింది. గేస్‌కని చెప్పాను.

ఇప్పుడు వాడుతున్నది నాలుగో డబ్బా. నిన్న మా అమ్మ నా భార్యను ఇంకో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. బయల్దేరే ముందు తను నాకు పాలు కాచి, మందు కలిపి ఇచ్చింది.